ఉచితము, కాపీ చేసినచో చర్య తీసుకొనబడును

కూర్మన్నపాలెం జంక్షన్లో మాది జిరాక్సు కొట్టు. డీటీపీ కూడా చేస్తాం. ఏ షిఫ్టుకి స్టీల్ ప్లాంటు గేటు వైపు బస్సులు కదిలే వేళకి షట్టరు ఎత్తి, బీ షిఫ్టు దిగిన జనం టీ తాగి పోయాక దించుతాను. ఆధార్ కార్డులు, పీఎఫ్ ఫారాలు, దువ్వాడలో రైలెక్కి పరీక్షకి పోయే పిల్లల హాల్ టికెట్లు, ప్లాంటు నిర్వాసితుల ఆర్ కార్డుకి జత చేసే తాతల నాటి కాగితాలు, ఇవీ మాకు అన్నం పెట్టేవి.

ఈ మధ్య ఇంకో రకం గిరాకీ తగులుతోంది. ఉక్కునగరం సెక్టార్ల నుంచీ వడ్లపూడి నుంచీ ఇంజనీరింగు కుర్రాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి, "అన్నా, ముప్ఫై పేజీలు, రెండు వైపులా, స్పైరల్" అంటారు. తెరిచి చూస్తే ప్రాజెక్టు రిపోర్టు కాదు. రాక్షసులు, కోటలు, ఏ కత్తికి ఎంత పదును, ఏ మంత్రం ఎన్ని అడుగులు పోతుంది అని పట్టికలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంట. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి "నేనైతే ఆ తలుపు జోలికి పోను" అంటారు, పోయి బతికాడా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో తెచ్చిన ఆట ఇప్పుడు మా జంక్షన్ దాకా వచ్చింది. మన కుర్రాళ్లు ఆడి ఊరుకోరు కదా, సొంతంగా రాస్తారు. రాసి ఊరికే పంచుతారు. పంచే ముందు నన్నడుగుతారు: "అన్నా, చివరి పేజీలో లైసెన్సు అని ఏదో పెట్టాలంట. ఏం పెట్టమంటావు?"

అడగాల్సిన మనిషినే అడుగుతున్నారు. లాక్‌డౌన్‌లో మేమూ ఒక ఆట రాశాం. కోక్ ఓవెన్లలో చేసే మా బావమరిది, వీధి చివర ట్యూషన్ మాస్టారు, మాస్టారి దగ్గర చదివిన ఒక అమ్మాయి, నేను. పేరు ఉక్కు మజిలీలు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గొల్లపిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి పోతూ మజిలీకో కథ చెప్తాడు చూడండి, ఎత్తుగడ అదే. మా బాటసారులు కూర్మన్నపాలెంలో బయల్దేరి గాజువాక, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, సింహాచలం అనుకుంటూ పోతారు, దిగిన చోటల్లా ఒక వింత. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉంటారు, ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లే అవి. వాళ్ల పొయ్యి ఆరకుండా చూడాలి. అదీ ఆట.

ఈ ఆటల్లో వాడే ఇరవై ముఖాల పాచిక చుట్టుపక్కల ఏ కొట్లోనూ లేదు. అందుకని ఆరు గవ్వలు పెట్టాం. గుప్పిట్లో గలగలలాడించి చాప మీద వదిలితే నాలుగు గానీ ఆ పైన గానీ వెల్లకిలా పడాలి, అప్పుడే పని అయినట్టు. 64లో 22 పాళ్లు అవకాశం అని మాస్టారు పలక మీద లెక్కగట్టారు. మా బావమరిది నమ్మలేదు. నైట్ షిఫ్టు దిగొచ్చి, నిద్ర మానుకుని, వేసిందే వేసి టిక్కులు పెట్టుకున్నాడు. "మాస్టారి లెక్క రూపాయి బిళ్లకి బావా. గవ్వకి వీపు బరువు వేరు" అని తేల్చాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంత చరిత్ర ఉన్న మనిషిని కాబట్టి చెప్తున్నాను, రాసుకోండి.

అన్నిటికన్నా మేలైన పని, చివరి పేజీలో ఏమీ రాయకపోవడం. ఊరికే పంచుతున్నాం కదా, మళ్లీ లైసెన్సెందుకు అని మీకు మొదట తట్టిన ఆలోచనే బంగారం. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు, సున్నాలో సి గుర్తు కూడా అక్కర్లేదు. కాగితం మీద పెట్టిన క్షణం నుంచి రచన మీది. మీరున్నంత కాలం మీది, మీరు పోయాక ఇంకో 60 ఏళ్లు మీ వారసులది. కాబట్టి 'ఫ్రీ' అని వాట్సాప్‌లో పంపి మీరు నోరు మూసుకుంటే చాలు, మిగతాది చట్టమే చూసుకుంటుంది. అందుకున్నవాడు చదువుకుంటాడు, ఇంట్లో ఆడుకుంటాడు. దాన్ని మార్చి పదిమందికి పంచాలంటే మీ అనుమతి కావాలి. అనుమతికి మీ నంబరు కావాలి. నంబరు మీరు వెయ్యలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఇవాళ సరదాకి రాసిన రాక్షసుల పట్టిక వచ్చే శతాబ్దంలో కూడా తాళంలోనే ఉంటుంది. ఇంత గట్టి తాళం గాజువాక హార్డ్‌వేర్ షాపుల్లో దొరకదు, పైగా ఖర్చు లేదు.

మా జంక్షన్లో హక్కు అనే మాట కనబడకుండా రోడ్డు దాటడం కష్టం. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966 నాటి నినాదం, ఇప్పటికీ గోడ మీద రంగు ఆరకుండా ఉంది. ఆ గోడల మధ్య పెరిగిన కుర్రాళ్లే సొంత పుస్తకం చివర హక్కు దగ్గరికొచ్చేసరికి ఖాళీ వదిలేస్తారు. నాకు ముచ్చటేస్తుంది.

ఖాళీగా వదలడానికి మనసొప్పకపోతే సొంతంగా రాయండి. అచ్చుపోసినట్టు మాది చూపిస్తాను:

"ఈ పుస్తకము పూర్తిగా ఉచితము. ఎవరైనను వాడుకొనవచ్చును. రచయితల అనుమతి లేనిదే ఏ భాగమును ఏ రూపమునను వాడరాదు. కాపీ చేసినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును. అందరికీ షేర్ చేయండి."

మొదటి రెండు వాక్యాలూ బావమరిదివి. నడిమి రెండూ వేలం నోటీసుల ఫైల్లోంచి నేను దించినవి. చివరిది ఆ అమ్మాయి చేర్చింది. ఐదు వాక్యాల్లో ఏ ఒక్కటీ పక్కవాక్యంతో మాట్లాడదు. చదివినవాడు ఏం చెయ్యాలో తెలియక ఏమీ చెయ్యడు. లైసెన్సు అంటే అలా ఉండాలి.

ఇక్కడ కొందరు మీకు క్రియేటివ్ కామన్స్ అని చెవిలో ఊదుతారు. వినకండి. 2002 డిసెంబరులో మొదటిసారి వదిలారు వాటిని, ఇప్పుడు నడుస్తున్న 4.0 రూపం 2013 నాటిది. మొత్తం ఆరు రకాలు. లాయర్ల కోసం పూర్తి పాఠం, మామూలు మనిషి కోసం ఒక పేజీ సారాంశం, కంప్యూటర్లు పట్టుకోవడానికి ఒక గుర్తు, అన్నీ వాళ్లే రాసి పెట్టారు. మీరు చెయ్యాల్సిందల్లా ఫలానా లైసెన్సు అని ఒక వాక్యం, ఒక లింకు. అంత తేలికైపోతే మన కష్టానికి విలువేముంది? పైగా ఆ గుర్తు చూసినవాడు కెనడాలో ఉన్నా కంచరపాలెంలో ఉన్నా మీకు ఫోను చెయ్యకుండానే పని మొదలెట్టేస్తాడు. ఫోను రాకపోతే మనం రచయితలమని ఇంట్లోవాళ్లకెలా తెలుస్తుంది?

సరే, వినలేదు, సీసీయే పెడతానంటారు. అప్పుడు అక్షరాలు ఎంచుకోవడంలో నా మాట వినండి. బై అంటే పేరు చెప్పి ఏమైనా చేసుకోమని. అది మరీ చౌక, వద్దు. ఎన్‌సీ తగిలించండి, వ్యాపారానికి వాడకూడదని. వ్యాపారం అంటే మీ దృష్టిలో ఏమిటో మాత్రం విప్పి చెప్పకండి. కాలేజీ ఫెస్టులో యాభై రూపాయల టికెట్ పెట్టి ఆడిస్తే వ్యాపారమా? ఆడినంతసేపూ తలా పదేసి వేసుకుని పునుగులు తెప్పించుకుంటే? నేను పేజీకి రూపాయి తీసుకుని ప్రింటు కొడితే?

ఈ చివరి ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. గ్రేట్ మైండ్స్ అనే సంస్థ లెక్కల పాఠాల్ని ఎన్‌సీ ఉన్న లైసెన్సుతో ఊరికే ఇచ్చింది. బడులు వాటిని ఫెడెక్స్ ఆఫీస్ వాళ్ల దగ్గర డబ్బిచ్చి కాపీలు తీయించుకున్నాయి. కాపీ కొట్టి లాభం తీసుకున్నావు కాబట్టి లైసెన్సు తప్పావని కొట్టువాడి మీద దావా. 2018లో అప్పీలు కోర్టు కొట్టు పక్షమే చెప్పింది. వాడుకున్నది బడి, బడి పని వ్యాపారం కాదు, కాపీలు తీసినవాడు బడి చెప్పిన పని చేసిపెట్టాడు, అంతే అని. ఆ వార్త ప్రింటు తీసి కొట్లో సరస్వతీదేవి పటం పక్కన అంటించుకున్నాను. కుర్రాళ్లు అదేంటన్నా అంటే కరెంటు బిల్లు అని చెప్తాను. చెప్పేస్తే ఎన్‌సీ అంటే ఉన్న భయం కాస్తా పోతుంది.

వాళ్ల అసలు భయం వేరే. ఎవడో పెద్ద కంపెనీవాడు మన ఆట ఎత్తుకుపోయి, రంగులద్ది, తలుపులేసి అమ్ముకుంటాడని. దానికి ఎస్‌ఏ అని ఒకటుంది. ఎవడు మార్చి పంచినా అదే లైసెన్సుతో పంచాలి, అంటే వాడు చేసిన మార్పులు కూడా మళ్లీ మనవే, అందరివే. కంపెనీలకి ఆ షరతు రుచించదు. మీ భయానికి అది సరిపోయే మందు, కాబట్టి దాని ఊసెత్తకండి.

ఎన్‌డీ పెడితే ఇంకా బాగుంటుంది. మార్చి పంచకూడదని. ఈ ఆటల్లో మార్చడమే ఆట కదా, ఏ ఇద్దరు ఆడించినా ఒకేలా ఉండదు కదా అని మీరడగొచ్చు. అందుకే అంటున్నాను. ఇంట్లో కూర్చుని మార్చుకుంటే 4.0లో తప్పు లేదు గానీ ఆ మార్చినదాన్ని పక్కవాడికి ఇవ్వకూడదు. అనువాదం కూడా మార్పు కిందే లెక్క. స్టీల్ ప్లాంటులో చేసే ఒడియావాళ్ల పిల్లలు మీ ఆట వాళ్ల భాషలో రాసుకుని బరంపురంలో చుట్టాలకి పంపుదామనుకుంటారు. ఎన్‌డీ ఇచ్ఛాపురం దాటనివ్వదు.

రూళ్ల విషయం. ఆరు గవ్వలేసి నాలుగు పడితే గెలుపు అన్న రూలు నాదని నేను చాలాకాలం అందరితో పోట్లాడాను. మీరూ పోట్లాడండి, కాలక్షేపం. ఆలోచన మీద కాపీరైటు ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుందని సుప్రీం కోర్టు 1978లోనే తేల్చేసింది. ఆర్.జి. ఆనంద్ గారు తన నాటకాన్ని కొట్టి న్యూఢిల్లీ అనే సినిమా తీశారని కేసు వేసి ఓడిపోయినప్పటి మాట అది. అందుకే అష్టాచెమ్మాకీ వైకుంఠపాళీకీ ఎవరూ లైసెన్సు అడగరు. మీ పుస్తకంలో మీది అనిపించుకునేది మీ వాక్యాలు, మీ బొమ్మలు, మీ బాటసారి సింహాచలం మెట్లెక్కుతూ అన్న మాట. ఆ తేడా తెలిస్తే దేనికి లైసెన్సు కావాలో, దేనికి అక్కర్లేదో తెలిసిపోతుంది. తెలియకపోతేనే పుస్తకం మొత్తాన్ని భయంభయంగా చూస్తారు.

ఇప్పుడు అసలైన వంట. పుస్తకం నిండుగా ఉండాలంటే నలుగురి దగ్గరా తెచ్చి కలపాలి. మేమెలా కలిపామో చెప్తాను.

నేపాళ మాంత్రికుడి మాటలు పాతాళభైరవి నుంచి ఉన్నవున్నట్టు దించాం. 1951 సినిమా, అంత పాతది ఎవరిదో ఎందుకవుతుంది? సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు, 2011తో తీరిపోయింది నిజమే. మాటల రచయిత పింగళి నాగేంద్రరావు గారు పోయింది మాత్రం 1971లో. రచన కింద చూస్తే ఆ మాటల లెక్క 2031 చివరి దాకా ఉంది. ఒకే రీలులో రెండు గడియారాలన్నమాట. మేం బయట గోడకున్న గడియారమే చూశాం.

బొమ్మలకి చందమామ. మాస్టారి అటక మీద బౌండు చేసిన సంచికలున్నాయి, స్కానరు నా దగ్గరుంది. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం ఒకటి, శంకర్ గారి బేతాళుడొకటి. మనం చిన్నప్పుడు చూసి పెరిగాం కాబట్టి మనవే అని మా వాదన. వపా గారు 1992 చివర్లో పోయారు, శంకర్ గారు 2020లో. హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా ఒకటి 2052 దాకా, రెండోది 2080 దాకా. చిన్నప్పటి ప్రేమని చట్టం పరిగణనలోకి తీసుకోకపోవడం పెద్ద లోటు. ఇదే ఎత్తుగడ కాశీమజిలీల దగ్గర మాకు కలిసొచ్చింది, దీక్షితులు గారు పోయి వందేళ్లు కావొస్తోంది, అవి అందరి సొత్తు. కలిసొచ్చిందని అప్పుడు తెలియదు లెండి, ఆయన్నీ అడగలేదు, వీళ్లనీ అడగలేదు.

అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి గురించి రెండు పేరాలు తెలుగు వికీపీడియావి. 2003 నుంచీ మనవాళ్లు కూర్చుని రాస్తున్నదే, అది బై-ఎస్‌ఏ. అంటే తీసుకో, రాసినవాళ్లని చెప్పు, మార్చి పంచితే అదే లైసెన్సు పెట్టు. మేం రాసినవాళ్లని చెప్పలేదు. పైన చూపిన నోటీసుకి తోడు మాది ఎన్‌సీ అని ముద్ర కూడా వేశాం. ఎస్‌ఏ సరుకు తెచ్చి ఎన్‌సీ సంచిలో పోస్తే రెండూ కలవవు. ఒకటి వ్యాపారానికి సరే అంటుంది, ఇంకోటి కాదంటుంది. ఈ రెంటి మధ్యా దొరికినవాడు పుస్తకం కింద పెట్టేసి లేచిపోతాడు. మాక్కావలసిందీ అదే.

ఇలా కలిపిన పులగం మీద కొందరు ధైర్యవంతులు సీసీ జీరో కూడా కొడతారు, అన్ని హక్కులూ వదిలేస్తున్నాం అని. వాళ్లకి నా జోహార్లు. మనది కానిది దానం చెయ్యడంలో ఉన్న పుణ్యం ఇంకెందులోనూ లేదు.

ఒక్క ఫాంట్ల దగ్గరే మాకు దొంగతనం కుదరలేదు. సిలికానాంధ్ర పూనుకుని తెచ్చిన మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ముందే ఊరికే ఇచ్చేశారు. దించుకుంటే ఫాంటు పక్కన ఆ లైసెన్సు ఫైలు కూడా వస్తుంది. కుర్రాళ్లు ఎవరూ తెరవరు, మీరూ తెరవకండి. ఫాంటుని విడిగా అమ్మకూడదు గానీ దాంతో కూర్చిన పుస్తకానికి ఏ షరతూ అంటదు అని అందులో ఉంటుంది. తెలుగులో పుట్టిన వస్తువుని ఎలా ఇవ్వాలో అంత శుభ్రంగా రాసిన కాగితం మీ కంప్యూటర్లోనే ఉందని తెలిస్తే నా దగ్గరికెందుకొస్తారు?

పేర్లంటారా. వాట్సాప్ తెలుగువాళ్లకి నేను నేర్పేదేముంది. ఎవరిదైనా సరే, కింద పేరు కత్తిరించి 'సేకరణ' అని పెట్టి మన పేరు వెయ్యాలి. సేకరణ అన్న మాట కనిపెట్టినవాడికి గుడి కట్టాలి. దొంగిలించాను అనకుండా, రాశాను అనకుండా, కష్టపడ్డాను అని మాత్రం వినబడుతుంది. సీసీ వాళ్లు అడిగేది ఏమిటంటే, రాసినవారి పేరు, లైసెన్సు పేరు, లింకు, ఏం మార్చావో ఒక ముక్క. పొరపాటున తప్పి, తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే 4.0లో పోయిన హక్కు మళ్లీ వస్తుంది కూడా. ఇంత వెసులుబాటు ఇస్తే ఇక తప్పు చెయ్యడంలో మజా ఏముంటుంది?

గవ్వలు వేసే యాప్ రాశారా? దాని మీదా సీసీయే కొట్టేయండి. సాఫ్ట్‌వేర్‌కి మా లైసెన్సులు వాడొద్దు, దానికి వేరే ఉన్నాయి అని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెప్తారు. చెప్పనివ్వండి.

ఇక వెనక్కి తీసుకోవడం గురించి. ఇందులో మాకన్నా గురువులున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పుడు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీది. 2000లో వాళ్లు ఓపెన్ గేమ్ లైసెన్సు అని ఒకటి తెచ్చారు. మా ఆట మూలపాఠం ఇదిగో, మీరూ దీని మీద ఆటలు రాసి అమ్ముకోండి అని. దాన్ని నమ్మి ఇరవై ఏళ్లలో ఎందరో పుస్తకాలేశారు, కొట్లు పెట్టుకున్నారు. ఆ లైసెన్సులో హక్కు శాశ్వతం అని ఉంది. వెనక్కి తీసుకోలేనిది అన్న మాట మాత్రం లేదు. ఇంకోచోట 'అధీకృత' రూపం ఏదైనా వాడుకోవచ్చు అని ఉంది. ఆ ఒక్క విశేషణం ఇరవై మూడేళ్లు మూల కూర్చుంది. 2023 జనవరి మొదట్లో కొత్త లైసెన్సు ముసాయిదా బయటికి పొక్కింది. పాతది ఇక అధీకృతం కాదు, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటి అమ్మేవాళ్లు మాకు వాటా కట్టాలి అని దాని సారం. ఆడేవాళ్లు భగ్గుమన్నారు, చందాలు రద్దు చేసుకున్నారు. పైజో అనే కంపెనీ ఎవరూ వెనక్కి తీసుకోలేని ఇంకో లైసెన్సు రాయిస్తామని ముందుకొచ్చింది, ఆ ఏడాది జూన్‌కి తెచ్చింది కూడా. చివరికి జనవరి 27న విజర్డ్స్ వాళ్లే దిగొచ్చి, నాలుగు వందల పేజీల మూలపాఠాన్ని సీసీ బై 4.0 కింద పెట్టేశారు.

ఆ తేదీ మా జంక్షన్‌కి వేరే రకంగా గుర్తు. 2021లో అదే జనవరి 27న స్టీల్ ప్లాంటులో నూటికి నూరు శాతం వాటాలు వదిలించుకోవడానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత కొద్దిరోజులకి ఇక్కడ దీక్షా శిబిరం వెలిసింది. శిబిరంలో కూర్చునొచ్చిన ఒక పెద్దాయన మా కొట్లో భూమి కాగితాలు కాపీ తీయిస్తూ, "ఇచ్చినప్పుడు సరిగ్గా ఏటని రాయించుకున్నామో అదొక్కటే మిగుల్తాది బాబూ" అన్నాడు. నేనప్పుడు టోనరు మారుస్తున్నాను, పెద్దగా పట్టించుకోలేదు.

కాబట్టి మీ లైసెన్సులో శాశ్వతం అని పెద్దక్షరాల్లో వెయ్యండి, వెనక్కి తీసుకోలేనిది అన్న మాట మాత్రం మరచిపోండి. సీసీ 4.0లో ఆ మాట ఉంది, అదే దాంతో గొడవ. రేపు మీరు పంచడం మానెయ్యొచ్చు, ఎల్లుండి కొత్త కూర్పుకి వేరే లైసెన్సు పెట్టొచ్చు గానీ, ఇవాళ పుచ్చుకున్నవాడి హక్కు లాక్కోలేరు. మనసు మార్చుకునే వీలు లేకపోతే రచయిత బతుకేం బతుకు? ఒక రాత్రి నిద్రపట్టక ఇచ్చినదంతా రద్దు చేద్దామనిపిస్తుంది, ఆ రాత్రి కోసం దారి ఉంచుకోండి. ఇచ్చే ముందే రెండు రోజులు ఆలోచించుకోవచ్చు కదా అంటారా? అలాంటి తెలివైన పనులు చేసేవాళ్లు ఈ సలహాలు చదవరు.

ఆఖరిది, ఇది నా సొంత పేటెంటు: కలిసి రాసినవాళ్లని ముందుగా ఏమీ అడగకండి.

ఉక్కు మజిలీలు వాట్సాప్‌లో వదిలిన ఏడాదికి ఒక ఫోనొచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో సర్కారు బడి టీచరమ్మ. "సార్, మీ ఆట మా ఏడో తరగతి పిల్లలతో ఆడించానండి. మాట పెగలని గుంటలు కూడా లేచి మాట్లాడుతున్నారు. మజిలీలు మాత్రం మా వైపు పేర్లు పెట్టుకుంటానండి, అరసవిల్లి, శాలిహుండం, శ్రీకూర్మం అని. మీ కూర్మన్న మా దేవుడేగా" అని నవ్వింది. "నలభై కాపీలు తీయించి కాగితం ఖర్చుకి పిల్లకి పది రూపాయలు తీసుకుంటే తప్పా అండి?"

రెండు రోజుల్లో చెప్తానమ్మా అన్నాను. బావమరిదిని అడిగితే "ఇచ్చెయ్ బావా, దీనికి నన్నడగాలా" అన్నాడు. మాస్టారు పది రూపాయల దగ్గర ఆగిపోయారు, విద్య అమ్మకూడదని. అమ్మాయి ఎంఎస్‌కి జర్మనీ వెళ్లిపోయింది, పాత నంబరు పనిచెయ్యట్లేదు. పుస్తకంలో పదకొండు పేజీలు ఆ అమ్మాయివే. ఎవరెక్కడ మొదలెట్టారో విడదీయలేనట్టు కలిసి రాసినప్పుడు అందరూ ఒప్పుకుంటేనే అనుమతి. మ్యాపు గీసింది ఆ అమ్మాయి పిన్ని కొడుకు, వాడి పేరే మేం వెయ్యలేదు. టీచరమ్మ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ రెండు రోజుల్లో అన్నాను. నాలుగోసారి చెయ్యలేదు.

మొన్న ఒక ఇంజనీరింగు కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. వాళ్ల ఊళ్లో మేనత్త పంపిందంట. ఇరవై ఎనిమిది పేజీలు, మండలి ఫాంటులో నీటుగా కూర్చి ఉంది. శ్రీకూర్మం మజిలీలు. గవ్వలు లేవు, చింతపిక్కలు పెట్టింది, అరగదీసి ఒకవైపు తెల్లగా చేసినవి. బొమ్మలు పిల్లలు గీసినవి, ప్రతి బొమ్మ కిందా గీసిన పిల్ల పేరు, తరగతి. చివరి పేజీలో రెండే వాక్యాలు. సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సుతో ఇస్తున్నామని ఒకటి, దాని లింకుతో సహా. దాని కింద చిన్నక్షరాల్లో, ఉక్కు మజిలీలు అనే పుస్తకం చూసి ఈ ఆలోచన వచ్చిందని, అనుమతి దొరకనందువల్ల అందులోంచి ఒక్క వాక్యమూ వాడలేదని.

చూశారా. ఒక్క వాక్యం కూడా పోలేదు. ముప్ఫై రెండు పేజీలూ పాత హార్డ్ డిస్కులో భద్రంగా ఉన్నాయి.

నలభై కాపీలు, రెండు వైపులా, స్పైరల్. మిషను తిరుగుతుంటే కుర్రాడు చివరి పేజీ చదివి తలెత్తాడు. "అన్నా, ఉక్కు మజిలీలు అంటే మీదే కదా? ఒక కాపీ ఇస్తావా, మా రూమ్‌లో ఆడుకుంటాం."

నలుగురినీ అడిగి రెండు రోజుల్లో చెప్తానన్నాను.